ఈ సీసా అయిపోయాక

మాటలు తెప్పించే మందు ఉందో లేదో నాకు తెలియదు గానీ, మాటలు ఆపే మందంటూ ఒకటి ఉంటే మొదటి సీసా మా ఇంటికే పట్టుకెళ్లేదాన్ని.

నేను మందుల షాపులో ఫార్మసిస్టుని. మా షాపులోకి అడుగుపెట్టగానే ఎదురుగా, సరిగ్గా కంటి ఎత్తులో, పిల్లల సీసాల అర ఉంటుంది. ఒక అట్టపెట్టె మీద కళ్లద్దాలు పెట్టుకుని నవ్వుతున్న మెదడు బొమ్మ. ఇంకోదాని మీద పాప నోట్లోంచి అక్షరాలు రంగురంగులుగా ఎగిరిపోతుంటాయి. అరచేతిలో వైకుంఠం చూపించడంలో ఆ పెట్టెలని మించినవి లేవు. తల్లులు వచ్చి వాటిని చేతిలోకి తీసుకుని, ఇటూ అటూ తిప్పి, గొంతు తగ్గించి అడుగుతారు.

"మా బాబుకి మూడేళ్లొస్తున్నాయండీ. ఇంకా మాటల్లేవు. దీంతో వస్తాయంటారా?"

"డాక్టరుకి చూపించారా? చెవుల పరీక్ష చేయించారా?" అంటాను.

లోపలినుంచి మా ఓనరు దగ్గుతాడు. ఆ దగ్గుకి మా షాపులో మందు లేదు. దానికి అర్థం 'నోరు మూసుకుని అమ్మెయ్' అని.

అయినా నేను ఊరుకోను. వినబడని మాట నోటికెలా వస్తుందమ్మా, ముందు చెవులు చూపించండి, ఆ తర్వాత ఏం తాగించాలో డాక్టరే చెప్తాడు అని చిలక్కి చెప్పినట్టు చెప్తాను. కొందరు వింటారు. కొందరు నన్ను ఒకసారి ఎగాదిగా చూసి పక్క షాపుకి పోతారు.

ఇన్ని నీతులు చెప్పే నా కూతురికి మూడేళ్లు నిండాయి. మాటల్లేవు. చెవుల పరీక్షా కాలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా ఇంట్లో ఆ చెట్టుని నేనే.

నా కూతుర్ని అందరం బఠాణీ అంటాం. పుట్టినప్పుడు గుండ్రంగా ఉందని మా మామయ్య పెట్టిన ముద్దుపేరు. బఠాణీకి కావలసినవన్నీ తెలుసు. నా వేలు పట్టుకుని లాక్కెళ్లి నీళ్ల సీసా చూపిస్తుంది, చెప్పులు తెచ్చి ఒళ్లో పడేస్తుంది, కోపమొస్తే నేలమీద బోర్లా పడుకుంటుంది. నోటినుంచి మాత్రం "బ" అనో "మ్మ" అనో తప్ప ఇంకేమీ రాదు. పిల్లల డాక్టరు చూసి, ఎండ తగలని పిల్ల కదా అని విటమిన్ చుక్కలు రాసి, ముందు వినికిడి పరీక్ష చేయించండి అన్నాడు. అది ఎప్పుడో చెట్లు ఆకులు రాల్చే రోజుల్లో. ఆ చెట్లు చిగిర్చి, మళ్లీ రాల్చడానికి సిద్ధమవుతున్నాయి.

ఎందుకింత ఆలస్యమంటే, మా అత్తయ్య దగ్గర ఒక సూత్రం ఉంది. మొదలుపెట్టిన సీసా అవగొట్టకుండా ఇంకో వైద్యం ముట్టుకోకూడదు. సగంలో వదిలేస్తే మందు అలుగుతుందట. నేను మందుల చదువు చదువుకున్నాను. అలిగే మందు గురించి మాకెవరూ పాఠం చెప్పలేదు.

"పుట్టినప్పుడే ఆస్పత్రిలో చెవులు చూశారు కదా, బాగున్నాయన్నారు కదా" అంటుంది అత్తయ్య. "నేను బిస్కెట్ల డబ్బా మూత తీస్తే చాలు, గుమ్మం దగ్గరనుంచి పరుగెత్తుకొస్తుంది. దానికి వినబడకపోవడమేంటి? వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి మాటలు. ఈ సిరప్ సీసా అయిపోనీ, అప్పుడు చూద్దాం."

వాళ్ల నాన్న, అంటే మా ఆయన, లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆయనకి మాటలు వచ్చాయన్న సంగతి నాకింకా పూర్తిగా రుజువు కాలేదు. నేనూ అత్తయ్యా వాదించుకుంటుంటే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటాడు. చివరికి, "అమ్మ చెప్తోంది కదా, ఈ సీసా అయిపోనీ" అంటాడు. ఇంటి శాంతి కోసం ఆ నారింజ రంగు సిరప్ ఒక్కదానికి తలూపాను. దాంట్లో ఉన్న విటమిన్లు లెక్కగట్టి, ఆ మేరకు డాక్టరు రాసిన చుక్కలు తగ్గించి పోశాను. కానీ ఆ సీసా అయిపోదు. అయ్యేలోపు ఇంకోటి వస్తుంది, ఒకటి కొంటే ఒకటి ఉచితమట. నేను వినికిడి పరీక్షల కేంద్రానికి ఫోన్ చేసి రోజు తీసుకోవడం, మళ్లీ ఫోన్ చేసి వద్దనడం. అక్కడ ఫోనెత్తే అమ్మాయి నా గొంతు గుర్తుపట్టేసింది. "సీసా అయిందాండీ?" అని అడగడం మొదలెట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇలా ఉండగా బఠాణీ తిండి మానేసింది. ఊరికే చిరాకు, ఊరికే ఏడుపు, దొడ్డికి వెళ్లాలంటే యుద్ధం. ఊరంతా జ్వరాలున్నాయి కదా, అదేననుకున్నాను. ఒక సెలవురోజు పొద్దున నా ఒళ్లో కూర్చుని భళ్లున వాంతి చేసుకుంది.

మూత తీయకుండానే సిరప్‌ల వాసన పట్టే ముక్కు నాది. వాంతిలో నారింజ వాసన వచ్చింది, సరే, అది అత్తయ్య సిరప్. దాని కిందనుంచి చేపనూనె వాసన వచ్చింది. అది మా ఇంట్లో లేదు. దాని కిందనుంచి వెనిలా. అదీ లేదు. పిల్లని కడిగి, బట్టలు మార్చి, హాల్లో దుప్పటి పరిచాను.

షాపులో నాకొక పద్ధతి ఉంది. ఒకే మనిషికి ఇద్దరు డాక్టర్లు మందులు రాస్తే, ఇంట్లో ఉన్నవన్నీ సంచిలో వేసుకొచ్చి కౌంటరు మీద బోర్లించమంటాను. ఒకే మాత్ర మూడు పేర్లతో బయటపడుతుంది. తెల్లబోయి చూస్తారు. ఆ పద్ధతి ఇంట్లో వాడాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

"ఎవరెవరు దానికి ఏమేం పెడుతున్నారో అన్నీ తెచ్చి ఈ దుప్పటి మీద పెట్టండి" అన్నాను.

ఎవరూ కదల్లేదు.

"పిల్ల వాంతి చేసుకుంది. నాకు కోపం వచ్చింది. ఇంకా ఎక్కువ రాకముందే పెట్టండి."

ముందుగా మామయ్య లేచాడు. ఆయన గడియారాలు బాగుచేసేవాడు, ఇప్పటికీ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఏదో ఒకటి విప్పుతుంటాడు. స్ప్రింగుల డబ్బాలోంచి ఏనుగు, తాబేలు ఆకారాల్లో ఉన్న చప్పరించే బిళ్లల సీసా తీసి దుప్పటి మీద పెట్టాడు. "బొమ్మలు కదా అని..." అన్నాడు నేల చూస్తూ.

మా ఆయన తన పనిముట్ల సంచీలోంచి పొడి డబ్బా తీశాడు. వెనిలా.

"మీరు కూడానా!"

"పాలల్లో ఒక్క చెంచానే. నేను లిఫ్ట్ రిపేరు చేసే బిల్డింగులో ఒకాయన ఇచ్చాడు. వాళ్ల పిల్లాడు ఇది తాగాక ఎంత మాట్లాడుతున్నాడంటే, స్కూల్లో టీచర్లు ఆపలేకపోతున్నారట."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు డబ్బా వెనకాల చదువుతావు."

అది నిజమే. ఆ మాట అనగలిగినందుకు ఆయనకి మాటలొచ్చాయని అప్పుడే ఒప్పుకున్నాను.

ఇక చేపనూనె మిగిలింది. నేను ఫోన్ చేస్తే మా వదిన, అంటే మా ఆయన అక్క, రెండు వీధుల అవతలినుంచి వచ్చింది. ఆవిడది బ్యూటీ పార్లర్. ఎవరి పెళ్లి కుదిరిందో, ఎవరి పెళ్లి చెడిందో పొద్దున విన్నది మధ్యాహ్నానికి ఊరంతా తెలిసిపోతుంది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఈ ఒక్క రహస్యాన్ని మాత్రం నెలల తరబడి నానబెట్టింది. హ్యాండ్‌బ్యాగు విప్పి, లిప్‌స్టిక్‌ల మధ్యలోంచి చేపనూనె సీసా తీసింది.

"నేనేం తప్పు చేశాను? నా మేనకోడలు బాగుపడాలనే కదా. దానికి మాటొస్తే ముందు అత్తా అనాలని నా ఆశ" అంది వదిన.

"అత్తా ఏంటి, నానమ్మా అనాలి" అంది అత్తయ్య.

అప్పుడర్థమైంది నాకు వీళ్ల దొంగతనం. పిల్లకి మాటొచ్చిన రోజున ఆ గొప్ప ఎవరి సీసాకి దక్కాలన్నదే పోటీ. అందుకే ఎవరికి వారు, పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, చాటుగా పోశారు. నేను దుప్పటి మీద చతికిలబడి సీసాల వెనక అక్షరాలు చదివాను. మామయ్య తన భూతద్దం ఇచ్చాడు. పేర్లు వేరు, బొమ్మలు వేరు, లోపల మాత్రం అవే విటమిన్లు. అవి ఎక్కువైతే నీళ్లలో కరిగి బయటికి పోయే రకం కావు, ఒంట్లో పేరుకుపోయే రకం. డాక్టరు చుక్కలతో కొలిచి ఇచ్చినదాన్ని నా వెనకాల వీళ్లంతా కలిసి దోసిళ్లతో పోశారు. తిలాపాపం తలా పిడికెడు.

"ఇవి మందులు కావు కదా, బలానికే కదా?" అంది వదిన.

"బలానిక్కూడా ఒక హద్దుంటుంది వదినా. పదిమంది కలిసి అన్నం కుక్కితే పిల్ల ఏమవుతుంది?"

పిల్లని తీసుకెళ్తే డాక్టరు అన్నీ ఆపేయమన్నాడు. మా ఎదురుగానే పిల్ల రక్తం తీసి పరీక్షకి పంపాడు. రిపోర్టు వచ్చాక చూసి, పెద్ద హాని జరక్కముందే బయటపడింది, కొన్నాళ్లలో సర్దుకుంటుందన్నాడు. వచ్చేటప్పుడు అడిగాడు, "వినికిడి పరీక్షలో ఏం చెప్పారమ్మా?" అని. నేను ఫార్మసిస్టునని ఆయనకి తెలుసు. ఏం చెప్పను?

వాంతులు తగ్గాయి. ఆకలి తిరిగొచ్చింది. పిల్ల తేరుకునేసరికి వీళ్ల బెంగ కూడా తేరుకుంది. ఒక సాయంత్రం హాల్లో అందరూ చేరి, ఆపేసిన సీసాల గురించి చచ్చినవాళ్లని తలుచుకున్నట్టు తలుచుకోవడం మొదలెట్టారు. బఠాణీ మాకు వీపు పెట్టి నేలమీద కూర్చుని, బట్టల క్లిప్పులని ఒకదానికొకటి తగిలించి రైలు కడుతోంది.

"ఎంత కష్టపడి పోశాను" అంది అత్తయ్య. "చెంచా కనబడితే చాలు, రెండు చేతులతో నోరు మూసేసుకునేది. ఎదురుగా వెళ్తే పని కాదు. వెనకనుంచి వెళ్లాలి. వెనకనుంచి వెళ్తే దానికి తెలీదు."

"అవునమ్మా, నేనూ అంతే" అంది వదిన ఉత్సాహంగా. "వెనకనుంచి వెళ్లి బుగ్గ పట్టుకుంటే చాలు."

"నేను సీసా గలగలా ఊపుకుంటూ వెళ్లినా తెలిసేది కాదు" అన్నాడు మామయ్య నవ్వుతూ.

మా ఆయన కూడా తలూపాడు.

"ఏమన్నారు మామయ్యా? సీసా ఊపినా తెలీదా?"

నేను వంటింట్లోంచి స్టీలు చెంచా, గాజు సీసా తెచ్చాను. బఠాణీ వెనకాల, కాస్త దూరంలో నిలబడి చెంచాతో సీసాని కొట్టాను. టింగుమని మోగింది. అది రైలుకి ఇంకో పెట్టె తగిలించింది. మళ్లీ కొట్టాను. బఠాణీ అని పిలిచాను. ఇంకో పెట్టె తగిలించింది.

"ఆటలో పడిపోయింది" అంది అత్తయ్య. "ఏమండీ, ఆ అలారం గడియారం మోగించండి."

మామయ్య బల్లమీదున్న పాత అలారం గడియారానికి కీ ఇచ్చి మోగించాడు. ఇల్లు అదిరిపోయింది. బఠాణీ వెనక్కి తిరిగి, గడియారాన్ని చూసి నవ్వింది.

"చూశావా!" అంది అత్తయ్య చప్పట్లు కొట్టి. "బ్రహ్మాండంగా వినబడుతోంది. అనవసరంగా హడలగొట్టేశావు."

"అత్తయ్యా, అది మోగితే పక్కింటివాళ్లు లేస్తారు. మనం దాంతో గడియారం గొంతుతో మాట్లాడుతున్నామా?"

"ఇంతకీ ఏమంటావు?"

"ఏమీ అనను. రేపు పరీక్షకి తీసుకెళ్తాను."

"ఆ సిరప్ ఇంకా సగం ఉంది. డాక్టరు ఆపమన్నాడే గానీ పారెయ్యమనలేదు కదా. కొన్నాళ్లాగి, అది అయిపోయాక..."

నేను ఇంకేమీ వినలేదు. వంటింట్లోకి వెళ్లి ఆ సీసా మూత తీసి సింకులో వంపేశాను. అత్తయ్య గుమ్మంలో నిలబడి "సగంలోనా!" అని గుండె పట్టుకుంది. నేను సీసా కడిగి బోర్లించాను. "అయిపోయింది" అన్నాను.

ఆ రాత్రి భోజనాలయ్యాయి. అత్తయ్య చెయ్యి కడుక్కుని వచ్చి, "నేనూ వస్తాను. దాని చెవులు బంగారంలా ఉన్నాయని ఆ పరీక్ష చేసేవాళ్ల చేతే నీకు చెప్పిస్తాను" అంది. రండి అన్నాను. నా మాట అబద్ధం కావాలని ఆవిడకంటే నాకే ఎక్కువ కోరిక. ఆ ఒక్కసారికి ఓడిపోతే బావుండునని ఉంది.

పరీక్ష గది చిన్నది. గోడలంతా దళసరి స్పాంజి. తలుపు వేయగానే బయటి ప్రపంచం ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. ఒక బుల్లి కుర్చీ, ఒక బకెట్టు, చెక్క ముక్కలు, మూలల్లో స్పీకర్లు. బఠాణీ ముందు ఒకమ్మాయి కూర్చుంది. గాజు కిటికీ అవతల ఇంకో ఆమె మీటలు తిప్పుతోంది. నన్నూ అత్తయ్యనీ పిల్ల వెనక గోడకి ఆనించి కూర్చోబెట్టి, ఆ అమ్మాయి గట్టిగా చెప్పింది.

"శబ్దం వచ్చినప్పుడు పాప ఒక ముక్క బకెట్లో వెయ్యాలి. మీరిద్దరూ కదలకూడదు, పిలవకూడదు, సైగ చేయకూడదు. మీరు గట్టిగా ఊపిరి పీల్చినా సరే, పిల్లలు కనిపెట్టేస్తారు."

ముందు పెద్ద శబ్దంతో ఆట నేర్పారు. బఠాణీ ఇట్టే నేర్చుకుంది. ముక్కని చెంపకి ఆనించి పట్టుకోవాలి, శబ్దం రాగానే డబ్‌మని వెయ్యాలి, అమ్మాయి చప్పట్లు కొట్టాలి. దానికి తెగ నచ్చింది.

తర్వాత శబ్దం తగ్గించారు.

స్పీకర్లోంచి పిట్ట కూసినట్టు సన్నగా వచ్చింది. నాకు స్పష్టంగా వినబడింది. బఠాణీ ముక్కని చెంపకి ఆనించుకుని ఎదురుచూస్తోంది. ఇంకోటి వచ్చింది, కాస్త పెద్దగా. ఎదురుచూస్తోంది. మనం ఎదురెదురుగా కూర్చుని కబుర్లు చెప్పుకునేంత గట్టిగా వచ్చింది. వెనకనుంచి నాకు దాని చెంప, చెంపకి ఆనిన చిన్న చెయ్యి కనబడుతున్నాయి. ఆ చెయ్యి కదల్లేదు. ఎంత ఓపిగ్గా కూర్చుందంటే, ఆట ఇంకా మొదలుకాలేదనుకుంటోంది పిచ్చి తల్లి. నాకు లేచి వెళ్లి ఆ చెయ్యి పట్టుకుని ముక్కని బకెట్లో పడేయాలనిపించింది. పక్కన అత్తయ్య పెదవులు విడివడ్డాయి. 'అదిగో తల్లీ, వెయ్యి' అనబోతోందని తెలుస్తూనే ఉంది. అరచేత్తో తన నోరు తనే మూసుకుంది.

శబ్దం పెంచారు. మరీ పెంచారు. అప్పుడు బఠాణీ డబ్‌మని ముక్క వేసి, మాకేసి తిరిగి, గెలిచినట్టు నవ్వింది.

చెవి డాక్టరు చూసి చెప్పాడు. జలుబుల తర్వాత రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక జిగట నీరు చేరి ఉండిపోయింది. పుట్టుకతో వచ్చింది కాదు, ఎప్పటినుంచో కూడా చెప్పలేం. నీళ్లలో మునిగి వింటే ఎలా ఉంటుందో దానికి మన మాటలు అలా ఉంటాయి. ఇన్నాళ్లయినా తగ్గలేదు కాబట్టి చిన్న ఆపరేషన్ చేసి నీరు తీసేయాల్సి రావచ్చు. ఆ తర్వాత మాటలు నేర్పే క్లాసులు. మాటలెప్పుడొస్తాయని అడిగితే, నేర్చుకోవాల్సిన రోజులు కొన్ని పోయాయమ్మా, పిల్ల వేగాన్ని బట్టి, అన్నాడు. అంతవరకూ దాని మొహంలో మొహం పెట్టి, దగ్గరగా, గట్టిగా మాట్లాడమన్నాడు.

బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. దారి పొడవునా అత్తయ్యని దులిపేయడానికి నా దగ్గర సిద్ధంగా ఉన్న తిట్లన్నీ ఏమయ్యాయో తెలియదు. 

"రోజూ పాడి పడుకోబెట్టేదాన్ని" అంది అత్తయ్య, ఎవరితోనో అన్నట్టు. "భుజం మీద వేసుకుని, మెల్లిగా, లేవకుండా. పుట్టినప్పట్నుంచీ అవే పాటలు. ఒక్కటీ వినలేదేమోనే అమ్మాయ్?"

"కొన్ని వినే ఉంటుంది అత్తయ్యా" అన్నాను. నాకు తెలియదు. తెలియని మాట కౌంటరు దగ్గర ఎప్పుడూ చెప్పను.

అత్తయ్య బెంచీ దిగింది. మోకాళ్ల నొప్పుల మనిషి, గోడ పట్టుకుని నేలమీద కూర్చుని, బఠాణీని ఎదురుగా నిలబెట్టుకుంది. రెండు భుజాలూ పట్టుకుని, మొహంలో మొహం పెట్టి, ఉన్న గొంతంతా తీసి జోలపాట ఎత్తుకుంది. వరండాలో వాళ్లంతా తలలు తిప్పి చూశారు. ఎవరో పిల్లాడు నవ్వాడు. ఆవిడ శ్రుతి ఎప్పుడూ అంతంత మాత్రమే, అరిస్తే అసలు లేదు. బఠాణీ కళ్లార్పకుండా చూసింది. పాట ఎక్కడినుంచి వస్తోందో చూద్దామని కాబోలు, అత్తయ్య నోట్లో వేలు పెట్టింది. వేలు నోట్లో ఉండగానే ఆవిడ పాడుతూనే ఉంది, చెంపలమీదుగా నీళ్లు కారుతూనే ఉన్నాయి.

తెల్లకోటు వేసుకున్న మనిషి ఒకాయన గదిలోంచి విసురుగా వచ్చాడు. "ఏమ్మా, ఇది ఆస్పత్రి. మెల్లగా పాడుకోమనండి ఆవిణ్ణి."

"మెల్లగా కుదరదు" అన్నాను.

"రోగులున్నారమ్మా ఇక్కడ!"

"మాదీ రోగమే. పాట అయ్యేదాకా ఆగండి" అని లేచి, ఆయనకీ వాళ్లిద్దరికీ మధ్య అడ్డంగా నిలబడ్డాను.